ప్రభుత్వ సీడ్ ఫండ్: ఏది ముందు, ఏది తర్వాత

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తాను. ముగ్గురు స్నేహితులు ఉద్యోగాలు చేసుకుంటూనే రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరం తయారుచేస్తున్నారు. ఇంట్లో బకెట్ నీళ్లలో పనిచేసే నమూనా ఒకటి చేతిలో ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి 14 నెలలైంది. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద 50 లక్షలు 'గ్రాంటు' ఇప్పిస్తానని ఒక కన్సల్టెంట్ వచ్చాడు, 10 శాతం తనకట, అందులో సగం ముందే ఇవ్వాలట. ఇవ్వొచ్చా, నిజంగా వస్తుందా, ఉద్యోగాలు ఎప్పుడు మానాలి, ఇదీ మీరు అడిగింది.

నేను ఒకప్పుడు ఇలాంటి డబ్బుతోనే చిన్న హార్డ్‌వేర్ కంపెనీ నడిపాను. ఇప్పుడు అప్పుడప్పుడూ ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలను చేయిపట్టి నడిపించే సంస్థల) ఎంపిక కమిటీల్లో బయటి సభ్యుడిగా కూర్చుంటున్నాను. అటూ ఇటూ చూసినవాడిగా చెప్తున్నాను.

ముందు కన్సల్టెంట్ సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. డిపిఐఐటి (పరిశ్రమలు, అంతర్గత వాణిజ్యం చూసే కేంద్ర విభాగం) ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉచితం, సీడ్ ఫండ్‌కు దరఖాస్తు ఉచితం, ఎంపిక చేసే ఇంక్యుబేటరు కూడా దరఖాస్తుదారుల దగ్గర ఫీజు తీసుకోకూడదని మార్గదర్శకాల్లోనే ఉంది. పైగా ఆయనకిచ్చే 10 శాతం గ్రాంటు డబ్బులోంచి ఖర్చు రాయడానికి కుదరదు, మీ జేబులోంచే పోతుంది. 'లోపల మనవాళ్లున్నారు' అనేవాళ్లలో చాలామంది చేసే పని ఏమిటంటే, పాత దరఖాస్తు ఒకటి తీసి పైన మీ కంపెనీ పేరు అతికించి పంపడం. రెండో పేజీకి వచ్చేసరికి మాకు తెలిసిపోతుంది, రొయ్యల పరికరం దరఖాస్తులో ఎక్కడో 'రోగుల భద్రత' అనే మాట తగులుతుంది మరి. ఆ తర్వాత ఫౌండర్‌ని పిలిచి ప్రశ్న అడిగితే, దరఖాస్తులో ఏముందో ఆయనకే తెలియదు. కాగితాలు సరిచూడటానికి మంచి సిఏను పెట్టుకోండి, చేసిన పనికి ఫీజివ్వండి. వచ్చే డబ్బులో వాటా అడిగేవాడిని మాత్రం గుమ్మం దగ్గర నుంచే పంపేయండి.

ఇక 50 లక్షల 'గ్రాంటు'. అలాంటిదేమీ ఈ పథకంలో లేదు. 2021 జనవరి 16న ప్రధాని ప్రకటించిన పథకం ఇది, ఆ ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, మొత్తం 945 కోట్లు, మొదట నాలుగేళ్లకని పెట్టారు. అందులో రెండు గదులున్నాయి. మొదటిది గ్రాంటు, గరిష్ఠంగా 20 లక్షలు. ఆలోచన పనిచేస్తుందని నిరూపించడానికి, ప్రోటోటైప్ తయారీకి, ప్రొడక్ట్ ట్రయల్స్‌కి. ఇది తిరిగి కట్టక్కర్లేదు. రెండోది గరిష్ఠంగా 50 లక్షలు, మార్కెట్లోకి దిగడానికి, అమ్మకాలు పెంచుకోవడానికి, కానీ ఇది అప్పు రూపంలోనో కన్వర్టిబుల్ డిబెంచర్ల (తర్వాత కంపెనీ వాటాలుగా మార్చుకోగలిగే అప్పు పత్రాల) రూపంలోనో వస్తుంది. ఒక్కో రూపంలో ఒక్కసారే తీసుకోవచ్చు. మీ కన్సల్టెంట్ ఈ రెండో గదిని చూపించి మొదటి గది బోర్డు తగిలించాడు.

అప్పు అనగానే భయపడాల్సిన పనిలేదు, నిజానికి ఇంత చవకైన అప్పు ఈ దశలో మీకు ఎవరూ ఇవ్వరు. వడ్డీ రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) మించకూడదు, గడువు గరిష్ఠంగా 60 నెలలు, మొదటి 12 నెలల దాకా మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని వెసులుబాటు) ఇవ్వొచ్చు, తాకట్టు లేదు, మీ సంతకంతోనో మీ నాన్నగారి సంతకంతోనో వ్యక్తిగత గ్యారంటీ అడగరు. కానీ అప్పు అప్పే, బ్యాలెన్స్ షీటులో కనిపిస్తుంది, తర్వాత వచ్చే ఇన్వెస్టరు దాని గురించి అడుగుతాడు. డిబెంచర్లయితే వాటిని వాటాలుగా మార్చేటప్పుడు ధర ఎలా కడతారన్నది ఒప్పందంలో ఏ మూల రాసుందో వెతికి చదవండి. సంతకం పెట్టేటప్పుడు దాన్నెవరూ పట్టించుకోరు, రెండేళ్ల తర్వాత ఇన్వెస్టరు ముందు కూర్చున్నప్పుడు టెన్షన్ మొదలవుతుంది. మీకు ఇంకా ఒక్క రైతు కూడా డబ్బిచ్చి కొనలేదు కాబట్టి మీ దారి 20 లక్షల గ్రాంటే. రెండో గదివైపు ఇప్పుడు చూడకండి.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది ఆ 14 నెలలు. దరఖాస్తు చేసే నాటికి కంపెనీ ఇన్‌కార్పొరేట్ అయి రెండేళ్లు దాటకూడదు. అంటే మీకు 10 నెలలే ఉన్నాయి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు, ఎందుకంటే డిపిఐఐటి స్టార్టప్ గుర్తింపుకు పదేళ్ల దాకా అవకాశం ఉంది, ఆ సర్టిఫికెట్ చేతిలో ఉంటే సీడ్ ఫండ్‌కూ అదే లెక్క అనుకుంటారు. రెండూ వేరు. కాలేజీ నుంచి బయటికి రాగానే ఉత్సాహం కొద్దీ కంపెనీ రిజిస్టర్ చేసి, ప్రోటోటైప్ తయారయ్యేసరికి రెండేళ్లు అయిపోయి, అర్హతే పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. మంచి ప్రొడక్టులు, పాపం, కానీ తేదీ దాటిపోతే కమిటీ చేతుల్లో ఏమీ ఉండదు.

అందుకే కంపెనీ ఇంకా పెట్టనివాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే, వరుస చూసుకోండి. ఏ పథకం ఎంత ఇస్తుందన్న లెక్క అందరూ వేస్తారు, ఒకటి తీసుకుంటే ఇంకొకదాని తలుపు మూసుకుంటుందా అన్నది మాత్రం ఎవరూ చూడరు. సీడ్ ఫండ్‌లో ఒక నిబంధన ఉంది, కేంద్ర ప్రభుత్వం నుంచి గానీ రాష్ట్ర ప్రభుత్వం నుంచి గానీ వేరే పథకం కింద 10 లక్షలకు మించి నగదు సాయం అందుకుని ఉండకూడదు. పోటీల్లో గెలిచిన ప్రైజు డబ్బు ఇందులోకి రాదు, ఫౌండర్‌కి నెలనెలా ఇచ్చే భృతి రాదు, తక్కువ అద్దెకు ఇచ్చిన ఆఫీసు స్థలం, ల్యాబు వాడుకోనివ్వడం ఇవేవీ రావు. 

ఇప్పుడు దీన్ని మిగతా పథకాల పక్కన పెట్టి చూడండి. డిఎస్‌టి (కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం) వాళ్ల నిధి ప్రయాస్ పథకం కింద ప్రోటోటైప్‌కి గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారు. 10 లక్షలకు 'మించి' అని కదా నిబంధన, అంటే ప్రయాస్ పూర్తిగా తీసుకున్నా సీడ్ ఫండ్ తలుపు తెరిచే ఉంటుంది. పైగా ప్రయాస్‌కు కంపెనీ అక్కర్లేదు, వ్యక్తిగా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి చేత్తో పట్టుకోగలిగే వస్తువు తయారుచేసేవాళ్లకు (ఉత్త సాఫ్ట్‌వేర్‌కి ప్రయాస్ ఇవ్వరు) మంచి వరుస ఏమిటంటే, ముందు వ్యక్తిగా ప్రయాస్, ప్రోటోటైప్ ఒక రూపానికి వచ్చాక కంపెనీ, ఆ తర్వాత రెండేళ్లలోపు సీడ్ ఫండ్. ఉద్యోగం మానేసినవాళ్లకు ఇంటి ఖర్చుకి నిధి ఇఐఆర్ (ఎంటర్‌ప్రెన్యూర్ ఇన్ రెసిడెన్స్) అనే పథకం కింద నెలకు 30 వేల దాకా వచ్చే అవకాశం ఉంది, అది నెలవారీ భృతి కాబట్టి ఆ 10 లక్షల లెక్కలోకి రాదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ బైరాక్ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింది సంస్థ) వాళ్ల బిగ్ గ్రాంటు. బయోటెక్, వైద్య పరికరాలవాళ్లకు 50 లక్షల దాకా, 18 నెలల గడువుకు ఇస్తారు, ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకసారి జులైలో ఒకసారి దరఖాస్తులు పిలుస్తారు. చాలా మంచి గ్రాంటు. కానీ అది ముందు తీసుకుంటే సీడ్ ఫండ్‌లోకి మళ్లీ రాలేరు, 10 లక్షల గీత దాటేశారు కాబట్టి. డబ్బు లెక్కలో అది నష్టమేమీ కాదు, 50 పెద్దది కదా, తెలిసి చేస్తే చాలు. డ్రోన్లు, సెన్సార్లు, రక్షణకు పనికొచ్చే వస్తువులు చేసేవాళ్లకు ఐడెక్స్ ఉంది, 2018లో రక్షణ శాఖ పెట్టింది, అక్కడి మామూలు పోటీల్లో కోటిన్నర దాకా ఇస్తారు, కానీ మీరు కూడా సరిసమానంగా పెట్టుబడి చూపించాలి, ఎక్కువగా సైన్యం ఇచ్చిన సమస్యకే పరిష్కారం చూపాలి. మీ చెరువులకు దానితో పనిలేదు.

అమెరికాలో ఉన్న మీ స్నేహితుడు 'అక్కడైతే ప్రభుత్వం మిలియన్లు ఇస్తుంది' అన్నాడని రాశారు. అక్కడి ఎస్‌బిఐఆర్ (చిన్న కంపెనీల పరిశోధనకు ప్రభుత్వ సాయం) 1982లో మొదలైంది, నిజంగానే పెద్ద మొత్తాలు, కంపెనీలో వాటా కూడా అడగరు. కానీ అక్కడా మొదటి దశలో చిన్న మొత్తం, అది నిరూపించాకే రెండో దశ. కంపెనీలో సగానికి పైగా వాటా ఆ దేశ పౌరులదో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలన్నది సాధారణ నియమం. హెచ్-1బి మీద ఉన్న స్నేహితుడు అక్కడ సొంతంగా కంపెనీ పెట్టి అది తెస్తాననుకుంటే ఇది చూసుకోవాలి. ఇటు మన సీడ్ ఫండ్‌కి కూడా భారతీయ ప్రమోటర్ల వాటా కనీసం 51 శాతం ఉండాలి, ఆయనకు మీ కంపెనీలో వాటా ఇచ్చే ఆలోచన ఉంటే ముందు సిఏతో లెక్క వేయించుకోండి.

సరే, మీ దరఖాస్తు దగ్గరికి వద్దాం. అసలు పని ఇక్కడే ఉంది.

సీడ్ ఫండ్‌కు నేరుగా ఢిల్లీ డబ్బివ్వదు. ప్రభుత్వం ఎంపిక చేసిన ఇంక్యుబేటర్లకు ఒక్కోదానికి 5 కోట్ల దాకా ఇస్తుంది, వాళ్ల దగ్గర ఒక కమిటీ ఉంటుంది, ఆ కమిటీ మీలాంటివాళ్లను ఎంచుకుంటుంది. పోర్టల్‌లో మీరు ప్రాధాన్య క్రమంలో ముగ్గురు ఇంక్యుబేటర్లను పెట్టుకోవచ్చు. మీ ఊళ్లోదే అయి ఉండాలని లేదు, అక్కడికి వెళ్లి కూర్చోవాలని కూడా లేదు. దరఖాస్తు అందిన 45 రోజుల్లో తేల్చాలని నిబంధన. ఆచరణలో కమిటీ సభ్యులందరికీ కుదిరే రోజు దొరకడమే కష్టం కాబట్టి కొంచెం అటూఇటూ అవుతుంది.

ఈ ముగ్గురిని ఎంచుకోవడంలోనే సగంమంది దెబ్బతింటారు. పెద్ద పేరున్న మూడు పెట్టేస్తారు. మీరు చేయాల్సింది వేరు, మీ రంగం అర్థమయ్యేవాళ్లు కమిటీలో ఉన్న చోటు వెతకండి. వ్యవసాయం, ఆక్వా వైపు పనిచేసిన ఇంక్యుబేటరయితే 'రాత్రిపూట ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది' అని మీరు మొదటి నుంచి పాఠం చెప్పాల్సిన పని తప్పుతుంది. హైదరాబాద్‌లో వ్యవసాయానికి నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) వాళ్ల ఎ-ఐడియా, జీవశాస్త్రాలకు సిసిఎంబిలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, ఇలా ఒక్కో రంగానికి ఒక్కోటి ఉన్నాయి. ఏ పథకం ఎవరి దగ్గర నడుస్తోందో పోర్టల్‌లో చూసి, ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: 'మీ దగ్గర గ్రాంటు కింద ఇవ్వడానికి డబ్బు ఇంకా మిగిలి ఉందా?' పథకం మొదట నాలుగేళ్లకే పెట్టింది కాబట్టి తమ 5 కోట్లు ఎప్పుడో పంచేసినవాళ్లు ఉంటారు, అలాంటి చోట ఎంత మంచి దరఖాస్తయినా ఫైలులోనే ఉంటుంది. అక్కడ ఇంతకుముందు డబ్బు తీసుకున్న కంపెనీలవాళ్లకు కూడా ఫోన్ చేయండి, రెండో విడత ఎన్నాళ్లకు వచ్చిందో అడగండి. మొదటి విడత గురించి అందరూ బాగానే చెప్తారు. అలాగే ఇంక్యుబేషన్ సేవలకని కంపెనీలో కొంత వాటా అడిగే చోట్లున్నాయి, ఆ కాగితం ముందే తెప్పించుకుని చదవండి.

ఇప్పుడు దరఖాస్తులో రాయాల్సింది. కమిటీ చూసేవి కొత్తవేమీ కాదు: ఈ వస్తువు ఎవరికైనా కావాలా, చేయడం సాధ్యమా, కొత్తదనం ఏమిటి, టీము ఎవరు, డబ్బు ఎలా ఖర్చు పెడతారు. మార్కెట్ పెద్దదని చెప్పే స్లయిడ్లు మేము త్వరగా తిప్పేస్తాం, రొయ్యల ఎగుమతి ఎన్ని వేల కోట్లో మాకూ తెలుసు. ఆగి చదివేది మైల్‌స్టోన్ల పేజీ, అంటే ఏ దశలో ఏం చేసి చూపిస్తారో రాసే పేజీ. మీరు పంపిన చిత్తుప్రతిలో అది ఇలా ఉంది: 'మొదటి మూడు నెలలు పరిశోధన, తర్వాతి మూడు నెలలు ప్రోటోటైప్ అభివృద్ధి, తర్వాత ఫీల్డ్ టెస్టింగ్, తర్వాత మార్కెటింగ్.' ఇది ఏ కంపెనీకైనా సరిపోతుంది, అదే దాని లోపం.

మీ పరికరానికి అసలు ప్రమాదం ఎక్కడుందో అక్కడి నుంచి రాయండి. బకెట్‌లో పనిచేసిన సెన్సారు చెరువులో ఎందుకు చెడుతుంది? ప్రోబు (నీళ్లలో ముంచి ఉంచే భాగం) మీద నాచు, బురద పేరుకుంటాయి, రోజురోజుకీ రీడింగు జారిపోతుంది. ఉప్పు శాతం మారితే నీళ్లలో కరిగే ఆక్సిజన్ మారుతుంది, దానికి సరిదిద్దే లెక్క మీ సాఫ్ట్‌వేర్‌లో ఉందా? రైతుకు మీ పరికరం అవసరమయ్యేది తెల్లవారుజామునే, రాత్రంతా నీళ్లలో ఉన్న ప్రతిదీ ఆక్సిజన్ పీల్చుకుని తెల్లారేలోపు అది అట్టడుగుకి పడిపోతుంది కాబట్టి. ఆ గంటలో కరెంటు పోతే, సిమ్ సిగ్నల్ లేకపోతే ఏరియేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) ఆన్ చేయమని చెప్పేదెవరు? కమిటీలో ఆక్వా తెలిసినవాడు ఒక్కడున్నా ఈ మూడు ప్రశ్నలే అడుగుతాడు. ఆయన అడగకముందే మైల్‌స్టోన్లలో జవాబులు కనిపించాలి.

ఉదాహరణకు మొదటి మైల్‌స్టోన్ ఇలా రాయొచ్చు: 'రెండు వేర్వేరు ఉప్పుశాతాలున్న చెరువుల్లో నాలుగు పరికరాలు 30 రోజులు ఉంచి, రోజూ ఉదయం ఐదింటికి క్యాలిబ్రేట్ చేసిన చేతి మీటరుతో పోల్చి, తేడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల లోపు ఉంచడం. ఎన్ని రోజులకోసారి ప్రోబు తుడవాల్సి వచ్చిందో నమోదు చేయడం.' రెండోది: 'ఒక పూర్తి పంటకాలం, పది చెరువులు, సిగ్నల్ పోయినా పరికరమే ఏరియేటర్‌ని ఆన్ చేయగలగాలి.' మూడోది: 'ఐదుగురు రైతులు తర్వాతి పంటకు డబ్బిచ్చి ఉంచుకోవడం.' అంకెలు మీవి మీరు పెట్టుకోండి, నావి నమూనాకే. కానీ ఇలా రాస్తే పని అయిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. రెండో విడత విడుదల చేసే ఆఫీసరుకు కావాల్సింది అదే, ఆయనకు మీ మీద నమ్మకం ఉన్నా ఫైలులో పెట్టడానికి ఒక కాగితం కావాలి. మరీ ఎక్కువ కూడా వాగ్దానం చేయకండి, 0.1 అని రాస్తే తర్వాత మిమ్మల్ని అదే కొడుతుంది.

చెరువు యజమానుల లేఖలు తెచ్చుకోండి. 'ఈ పరికరం చాలా ఉపయోగకరం' అని రాసిన లేఖ కంటే 'నా ఫలానా చెరువులో ఈ పంటకు రెండు పరికరాలు పెట్టుకోనిస్తాను, మీటరు రీడింగులు ఇస్తాను' అని రెండు ముక్కల్లో రాసిన లేఖ నూరు రెట్లు మేలు. ఫిషరీస్ కాలేజీ వాళ్లెవరైనా రీడింగులు సరిచూస్తామంటే ఇంకా మంచిది.

బడ్జెట్ పేజీ గురించి కొంచెం. ఈ డబ్బుతో భవనాలు, సదుపాయాలు కట్టుకోకూడదు, దేనికి ఇచ్చారో దానికే వాడాలి. ఆఫీసు ఇంటీరియర్, ల్యాప్‌టాప్‌లు, కారు అద్దె ఇలాంటివి కనిపిస్తే మిగతా పేజీలను కూడా అనుమానంగా చదువుతాం. మీ చిత్తులో ఫౌండర్ల జీతాలకే 9 లక్షలు పెట్టారు, అది తగ్గించండి, చెరువు మీద ఉండే ఫీల్డ్ కుర్రాడి జీతం పెట్టండి, ఎవరూ కాదనరు. సెన్సార్లు, బోర్డులు, వాటర్‌ప్రూఫ్ డబ్బాలు, మోల్డు ఖర్చు, టెస్టింగ్ ఫీజులు, రవాణా, వీటికి కొటేషన్లు జతచేయండి. ధరలన్నీ జిఎస్‌టితో కలిపి రాయండి. మీకు ఇంకా జిఎస్‌టి రిజిస్ట్రేషన్ లేదన్నారు, అంటే కట్టిన పన్ను వెనక్కి రాదు, 18 శాతం పన్నున్న వస్తువును పన్ను లేకుండా బడ్జెట్‌లో రాసుకుంటే ఆ తేడా మీ నెత్తిన పడుతుంది. విడి భాగాలు బయటి దేశాల నుంచి తెప్పిస్తుంటే కస్టమ్స్ కూడా కలపండి. మొదటిసారి చేసిన బోర్డులు కొన్ని కాలిపోతాయి, దానికీ కొంత పెట్టుకోండి.

డబ్బు మంజూరైతే అంతా ఒకేసారి ఖాతాలో పడదు, విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చు చేసి, మైల్‌స్టోన్ చూపించి, సిఏ సంతకంతో యూసీ (డబ్బు దేనికి వాడారో చూపే పత్రం) ఇస్తే తర్వాతి విడత. మధ్యలో ఖాళీ వస్తుంది, తప్పదు. మా కంపెనీకి ఒకసారి అన్నీ ఇచ్చినా రెండో విడత చాలా ఆలస్యమైంది, కారణం కనుక్కుంటే, మా ఇంక్యుబేటరుకే పైనుంచి రావాల్సిన విడత ఆగిపోయిందట, ఎందుకంటే ఇంకెవరో కంపెనీ యూసీ ఇవ్వలేదట. ఇంక్యుబేటర్లకూ డబ్బు విడతలుగానే వస్తుంది, ఈ గొలుసు సంగతి ఎవరూ ముందు చెప్పరు. కాబట్టి మూడు నాలుగు నెలలు సొంతంగా నెట్టుకురాగలిగే డబ్బు చేతిలో లేకుండా దిగకండి. గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవండి, అడిగినా అడగకపోయినా. ప్రతి బిల్లూ కంపెనీ పేరు మీదే ఉండాలి, నగదు చెల్లింపులు వద్దు. మీలో ఒకరు సొంత క్రెడిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో సెన్సార్లు కొన్నామని రాశారు చూడండి, ఇకముందు అలా చేయకండి, ఆడిట్‌లో ఆ బిల్లులు ఒప్పించడానికి తల ప్రాణం తోకకొస్తుంది. ఒకే బిల్లును రెండు పథకాల యూసీల్లో చూపించడం గురించి చెప్పక్కర్లేదనుకుంటా, అయినా చేసేవాళ్లున్నారు, దొరికితే మళ్లీ ఏ ప్రభుత్వ గ్రాంటు ముఖమూ చూడలేరు.

పన్ను విషయం కూడా ఇప్పుడే సిఏతో మాట్లాడండి. 2015లో చట్టం మార్చినప్పటి నుంచి ప్రభుత్వ గ్రాంటును మామూలుగా ఆదాయం కిందే లెక్కిస్తారు. మీకు అదే ఏడాది ఖర్చులు కూడా ఉంటాయి కాబట్టి చాలావరకు సర్దుకుంటుంది, కానీ మార్చి చివర్లో విడత పడి, ఖర్చు ఏప్రిల్ తర్వాత అయితే లెక్క చిక్కుపడుతుంది.

దరఖాస్తు పంపేలోపు కంపెనీ ఫైలింగులు ఒకసారి చూసుకోండి. కంపెనీ పెట్టిన 180 రోజుల్లో ఐఎన్‌సి-20ఎ (వ్యాపారం మొదలుపెడుతున్నామని తెలిపే ఫారం) వేశారా? అది వేయాలంటే మీరు ముగ్గురూ వాటాల డబ్బు నిజంగా కంపెనీ ఖాతాలో వేసి ఉండాలి, చాలామంది స్నేహితుల కంపెనీల్లో ఇదే జరగదు. ఆడిటర్‌ని పెట్టారా, వార్షిక రిటర్నులు వేశారా? ఆ రిటర్నులు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు పెరుగుతూ పోతుంది, గరిష్ఠ పరిమితి లేదు. ఎంపికయ్యాక ఒప్పందం రాసుకునే ముందు ఇంక్యుబేటరు ఇవన్నీ చూస్తుంది, అప్పుడు వెతుక్కోవడం మొదలుపెడితే మీకున్న 10 నెలల్లో రెండు అక్కడే పోతాయి. మీ ముగ్గురి మధ్య వాటాల ఒప్పందం కూడా రాతలో పెట్టుకోండి. ఒకరు మధ్యలో మానేస్తే ఆయన వాటా ఏమవుతుందని మేము అడుగుతాం, ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది.

ఇక ఉద్యోగాలు. ముగ్గురూ ఉద్యోగాల్లోనే ఉండి గ్రాంటు అడిగితే కమిటీ ఒప్పుకోవడం కష్టం, 'చెరువు దగ్గర తెల్లవారుజామున ఎవరుంటారు?' అనే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. అలాగని ముగ్గురూ ఇప్పుడే మానేయడం కూడా తెలివైన పని కాదు. ఇంటి బాధ్యతలు తక్కువున్న ఒకరు, చెరువుల దగ్గరికి వెళ్లగలిగినవారు, ఇంటర్వ్యూకి ముందే పూర్తికాలం దిగాలి, ఆ విషయం దరఖాస్తులో పేరుతో సహా రాయండి. ఆయనకు ఇఐఆర్ దొరుకుతుందేమో అదే ఇంక్యుబేటరులో అడగండి. మిగతా ఇద్దరూ మొదటి విడత ఖాతాలో పడ్డాక, ఇప్పటి ఉద్యోగంలో నోటీసు పీరియడ్ ఎంతో చూసుకుని రాజీనామా పెట్టండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇప్పుడున్న ఉద్యోగాల ఆఫర్ లెటర్లు తీసి మేధో సంపత్తి నిబంధన చదవండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద రాసిన కోడ్ గానీ, ఆ ఉద్యోగంలో ఉండగా కనిపెట్టినది గానీ వాళ్లదే అని రాసి ఉండొచ్చు, మీ పరికరం ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో) ఒక్క ఫైలు అలాంటిది ఉన్నా దాన్ని ఇప్పుడే సొంత మెషిన్ మీద మొదటి నుంచి తిరగరాయండి.

మైల్‌స్టోన్ల పేజీ మళ్లీ రాశాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.